తొట్టి కాడ అతుకు

మిరప కల్లంలోకి చెప్పులతో దిగే ఆడమనిషిని ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ చూసి ఎరగరు. ఎండుకాయ అంటే లక్ష్మి. దండం పెట్టేవాళ్ళు దండం పెట్టి, పెట్టనివాళ్ళు ఊరికే కొంగు బిగించి, చెప్పులు గట్టు మీద విడిచి దిగాల్సిందే. పల్లెలోంచి వచ్చే చర్చి ఆడవాళ్ళయినా అంతే. నెల్లాళ్ళు కల్లంలో తిరిగాక పాదం పాదంలా ఉండదు. మడమలు బీటలు వారతాయి, ఆ బీటల్లోకి కారం దిగుతుంది. పడుకోబోయే ముందు ఆముదం రాసుకుని గుడ్డ చుట్టుకుంటారు. తెల్లారితే మళ్ళీ కల్లమే.

అందుకే, యలమందయ్య కల్లంలో నీళ్ళతొట్టి దగ్గర కాళ్ళు జిల్లుమన్నప్పుడు రెబ్కా కూడా ముందు కారమే అనుకుంది.

ఆ వారం పొలాలకి కరెంటు పొద్దున పూట ఇస్తున్నారు. ఎండ చురుక్కుమనే వేళకి బోరు షెడ్డులో మోటారు గుర్రుమని అందుకునేది. బస్తాలకెత్తే ముందు కాయ మీద నీళ్ళు చల్లాలి, లేకపోతే తొక్కేటప్పుడు పటపటా విరిగిపోతుంది. ఆ నీళ్ళు చల్లే పని రెబ్కాది. బిందె చంకన పెట్టుకుని తొట్టి దగ్గరికి వచ్చి, వంగి, చెంబు ముంచబోయింది. అరికాళ్ళలోంచి పిక్కల దాకా ఏదో పాకింది. చీమ కుట్టినట్టు కాదు, తేలు కుట్టినట్టూ కాదు. లోపలి నరాన్ని ఇద్దరు పట్టుకుని అటొకరూ ఇటొకరూ లాగినట్టుంది.

“అమ్మో!” అని వెనక్కి గెంతింది. బిందె దొర్లిపోయింది.

“ఏం తొక్కావే?” అంది వీరమ్మ, తలెత్తకుండానే. వీరమ్మ పల్లెలో రెబ్కా పక్కింటి ముసలమ్మ. ముక్కుకి గుడ్డ కట్టుకుని, రాశి ముందు చతికిలబడి, తెల్లబడ్డ తాలుకాయలు ఏరి పక్కన పోస్తోంది.

“కాళ్ళు జిల్లుమన్నాయత్తా.”

“జిల్లుమనక చల్లగా ఉంటాయా? నీ మడమలు చూసుకున్నావా ఎప్పుడన్నా? ఆ బీటల్లో గిద్దెడు కారం పట్టుద్ది. మీ ఆయనతో కూరలోకి కారం కొనొద్దని చెప్పు, కాళ్ళు కడిగి పోస్తానని చెప్పు.”

ఆడవాళ్ళంతా దగ్గుతూనే నవ్వారు. మిరప కల్లంలో నవ్వినా దగ్గే, ఏడ్చినా దగ్గే.

“నవ్వమాక వీరమ్మా, ఆ తొట్టి కాడ నాకూ అంతే,” అంది లాల్‌బీ. “అక్కడ నిలబడితే మంట ఎక్కువ. తడికి కారం ఊరుద్ది గదా.”

ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. తడికి కారం ఊరుతుంది, నిజమే. రెబ్కా బిందె ఎత్తుకుని, పళ్ళు బిగబట్టి, గబగబా రెండు చెంబులు ముంచుకుని వచ్చేసింది.

కాసేపటికి కరెంటు పోయింది. మోటారు గొంతు పట్టేసినట్టు ఆగింది. బిందె ఖాళీ అయింది, మళ్ళీ వెళ్ళక తప్పదు. వెళ్ళి, తొట్టి దగ్గర బురదలో ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. ఏమీ లేదు. బీటల్లో ఎప్పుడూ ఉండే మంట ఉంది. ఆ లాగడం మాత్రం లేదు. ఊపిరి పీల్చుకుని చెంబు ముంచుతుండగా షెడ్డులో మోటారు మళ్ళీ అందుకుంది. రెండు కాళ్ళూ ఒక్కసారే గుంజాయి. ఒక కాలు ఎత్తింది. పోయింది. దించింది. వచ్చింది.

కారానికి మోటారుతో ఏం పని?

ఆ మాట పైకి అనలేదు. తల తిప్పి షెడ్డు వైపు చూసింది. షెడ్డు నుంచి కల్లం మధ్యలో ఉన్న దీపపు కర్ర దాకా, కాపలా దీపానికని, మట్టి కింద వైరు వేసి ఉంది. ఆ వైరు వేసిన మనిషికి పొద్దున అన్నం మూట కట్టిచ్చింది తనే.

*

ఆ సాయంత్రం రెబ్కా మొగుడు ప్రేమదాసు వాకిట్లో కూర్చుని ఎవరిదో పాత టేబుల్ ఫ్యాను విప్పుతున్నాడు. ఇళ్ళకి కరెంటు పని చేస్తాడు. చదువుకుని నేర్చింది కాదు, చీరాలలో ఒకాయన దగ్గర చేతి కింద చేసి నేర్చింది. వైరు తొడుగు పంటితో లాగేస్తాడు, తీగకి గాటు పడదు. రెబ్కా పొయ్యి ముందు కూర్చుని, మంట ఎగదోస్తూ, మామూలు మాటలా చెప్పింది.

అతని చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

“ఎక్కడ?”

“తొట్టి కాడ.”

“తొట్టికి ఏ పక్క?”

“షెడ్డు పక్క.”

అతను ఫ్యానుని మెల్లగా పక్కన పెట్టాడు. చేతులకి గ్రీజు లేకపోయినా గుడ్డకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

“అక్కడే ఉంది అతుకు,” అన్నాడు.

రెబ్కా పుల్ల ఎగదోయడం మానేసింది.

“మట్టిలో వేసే కేబులు వేరే ఉంటదే. తీగకో తొడుగు, రెండు తీగలకీ కలిపి ఇంకో తొడుగు, దాని చుట్టూ ఇనప తీగల జడ, దాని మీద మళ్ళీ తొడుగు. పలుగు తగిలినా తెగదు. నడుం లోతు తవ్వి, ఇసక పోసి, కేబులు పరిచి, మీద ఇటికలు పేర్చాలి. రేపెవడన్నా తవ్వితే ఇటిక తగిలి ఆగుతాడు. యలమందయ్యగారికి ఇదంతా చెప్పా. పైన లాగిన తీగ పత్తి బండికి తట్టుకుని తెగింది గదా, దాన్నే మట్టిలో పూడ్చమన్నాడు. అది చాలలేదు. ఇంట్లో గోడలకి వేయగా మిగిలిన ముక్క తెచ్చిచ్చాడు. అదేమో రాగి. ఇదేమో అల్యూమినియం. రెండూ మెలేస్తే, తడి తగిలిందంటే అతుకంతా కుళ్ళిపోద్ది.”

“తెలిసే మెలేశావా?”

“గుడ్డ టేపు చుట్టా. సైకిలు ట్యూబు కోసి చుట్టా. యూరియా సంచిలో కవరు తీసి, మూతి బిగించి కట్టా. అప్పుడక్కడ ఎండునేలే, తొట్టి లేదు. తొట్టి ఈ యేడు కట్టించాడు. సరిగ్గా దాని పక్కన.”

“ఎంత లోతున పెట్టావు?”

ప్రేమదాసు బొటనవేలూ చిటికెనవేలూ చాపి జానెడు చూపించాడు. అది చూపించాక ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“నువ్వు చెయ్యకపోతే ఇంకోణ్ణి పిలుస్తానన్నాడే.”

“పిలిస్తే పిలవనియ్యక! ఆ పాపం వాడి చేత్తోనే పొయ్యేది గదయ్యా!”

పొయ్యి మీద కూర అడుగంటిన వాసన వస్తే రెబ్కా గిన్నె దించింది. అప్పుడు ఆమెకి ఒక్కొక్కళ్ళే కళ్ళ ముందు కదిలారు. వీరమ్మత్త దాహమని తొట్టి దగ్గర దోసిలి పడుతుంది. లాల్‌బీ చంటిదాన్ని చంకన వేసుకుని వచ్చి మొహం కడుగుతుంది. ఇవాళ జిల్లుమంది. రేపు ఆ కవరు ఇంకాస్త చిరిగితే?

*

మర్నాడు ప్రేమదాసు కల్లానికి వచ్చాడు. కరెంటు ఉంది. తొట్టి పక్కన గొంతుక్కూర్చుని, చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనక పక్క నేలకి ఆనించబోయాడు. వేళ్ళ లోపలి పక్క పెడితే చెయ్యి బిగుసుకుపోతుంది, వెనక పక్కయితే విదిలించుకుంటుంది. ఆనించీ ఆనించగానే చెయ్యి దానంతటదే ఎగిరి ఛాతీ మీద పడింది.

యలమందయ్య గట్టు దిగి వచ్చాడు. పెద్దమనిషే, చెడ్డవాడని కూడా ఎవరూ అనరు. పండగకి కూలోళ్ళకి చీరలు పెడతాడు. కల్లంలో మాత్రం టైరు చెప్పులు టకటకలాడించుకుంటూ తిరుగుతాడు. ఆయన కల్లం, ఆయన లక్ష్మి.

“ఏందిరా దాసూ, నేల నాడి చూస్తన్నావు?”

“అయ్యా, అతుకు కాడ కరెంటు మట్టిలోకి దిగుతోందండి. ఆడోళ్ళకి కాళ్ళు లాగుతున్నాయండి.”

యలమందయ్య సరిగ్గా ఆ చోటికే వచ్చి రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఒకసారి ఎగిరి దూకాడు కూడా.

“ఏదిరా? నాకేం తగల్లేదే?”

“మీ కాళ్ళకి చెప్పు…”

“ఏంది?”

“ఏం లేదండి.”

“కారం మంటరా అది! నా చిన్నప్పట్నించీ వింటన్నా ఈ కాళ్ళ మంట గోల. కరెంటు లేనప్పుడు కూడా మండేయి కాళ్ళు.”

“పోనీ పగటిపూట దీపం ఫ్యూజు పీకి ఉంచండయ్యా. తాళం ఇస్తే నేనే రోజూ…”

“బోరు తాళం నీకిచ్చి నేను గట్టున కూర్చోనా? కాయంతా బస్తాలకెక్కాక చూద్దాంలే.” రెండడుగులు వేసి, యలమందయ్య వెనక్కి తిరిగాడు. ఈసారి గొంతు తగ్గించాడు. అదే ఎక్కువ భయం పుట్టించింది. “ఆ అతుకు వేసింది ఎవర్రా? నేనా? రేపెవరికన్నా ఏదన్నా అయిందనుకో. స్టేషన్లో వైరు ఎవరిచ్చారని అడగరు. అతుకు ఎవడేశాడని అడుగుతారు. నోరు మూసుకుని పని చూసుకో.”

రాశి అవతల తాలుకాయలు ఏరుతున్న రెబ్కాకి ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా వినబడ్డాయి. ప్రేమదాసు ఆమె పక్కనుంచే వెళ్ళాడు, ఆమె వైపు చూడలేదు.

*

ఆడవాళ్ళతో నిజం చెప్తే మొగుడు జైలుకి పోతాడు. చెప్పకపోతే ఎవరో ఒకరు తొట్టి పక్కన పడతారు. తెల్లవార్లూ రెబ్కాకి ఇదే ఆలోచన. తెల్లారాక, నడిచి వస్తూ దారిలో తుమ్మకంప ఒకటి విరిచి, కల్లానికి అందరికంటే ముందు చేరింది. తొట్టికి షెడ్డు పక్కన ఎప్పటిదో ఎలుక బొక్క ఒకటి ఉంది. కంపని దాని మీద అడ్డంగా వేసింది. కరెంటు ఇంకా రాలేదని తెలుసు, అయినా ఒంటికాలి మీద వంగి వేసింది.

ఆడవాళ్ళు రాగానే గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పింది.

“పామత్తా! ఇంత లావుది! ఆ బొక్కలోకి దూరింది. అటు పక్కకి పోమాకండి.”

“నల్లదా, గోధుమదా?” అంది వీరమ్మ.

అది ఆలోచించుకోలేదు రెబ్కా. “నల్లది,” అంది.

“పడగుందా?”

“ఎత్తింది కూడా.”

అబద్ధం ఆడటం రాని మనిషి ఒక అబద్ధం మొదలుపెడితే ఇంతే, అడిగినకొద్దీ అది పెద్దదవుతుంది. ఆ రోజు మధ్యాహ్నానికి పాము జానెడు నుంచి బారెడు అయింది. లాల్‌బీ దాని బుస కూడా విన్నానంది. నీళ్ళు కావాలంటే అందరూ తొట్టికి అవతలి పక్కనుంచి, చెయ్యి చాపి ముంచుకుంటున్నారు. అవతలి పక్క లాగడం లేదు. రెబ్కా లోపల్లోపలే స్తోత్రం చెప్పుకుంది. కాయ బస్తాలకెక్కేదాకా ఈ పాము కాపలా ఉంటే చాలనుకుంది. అయినా కళ్ళు కాయల మీద నిలవలేదు. ఎవరు లేచినా, ఎవరు దగ్గినా, మొదట తొట్టి వైపే చూసేది. ఏరిన రాశిలో తాలుకాయలు కలిసిపోయాయని వీరమ్మ తిట్టింది.

మర్నాడు బస్తాలు తీసుకెళ్ళే బండి వచ్చింది. బండివాడు ఎడ్లని విప్పి నీళ్ళకి వదిలాడు. ఎడ్లకి పాము సంగతి ఎవరు చెప్తారు? కుడిపక్క ఎద్దు కంపని ముట్టెతో తోసేసి, షెడ్డు పక్కనుంచే తొట్టి మీదికి వంగింది. గిట్టలకి ఇనప నాడాలు.

ఎద్దు అరవలేదు. నాలుగు కాళ్ళూ ఒక్కసారి బిగుసుకున్నాయి. వెన్ను విల్లులా వంగింది. మరుక్షణం పక్కకి ఎగిరి, మోకాళ్ళ మీద పడి, లేచి, తాడు తెంపుకుని పత్తి చేలోకి పరిగెత్తింది. ముట్టె చుట్టూ నురగ.

“చూశారా!” అని కేక పెట్టింది లాల్‌బీ. “ఎద్దు కూడా చూసింది పాముని!”

యలమందయ్య చర్నాకోల తీసుకుని ఎద్దు వెనక పరిగెత్తాడు. బెదురుగొడ్డని రెండు తగిలించాడు కూడా. రెబ్కా చేతిలో కాయ నలిగి గింజలు రాలాయి. అంత గొడ్డే అలా పడితే, మనిషి లేస్తుందా? నోరు ఎండిపోయింది. తొట్టి నిండా నీళ్ళున్నాయి. లేచి వెళ్ళి తాగే ధైర్యం లేదు.

*

పాము కబురు యలమందయ్య ఇంటికి చేరకుండా ఎలా ఉంటుంది? శుక్రవారం పొద్దున, ఆయన భార్య సుబ్బరావమ్మ కల్లానికి బయల్దేరింది. తలస్నానం చేసింది, జుట్టు కొస ముడేసింది. తడి చీర ఒంటికి అంటుకుని ఉంది. చేతిలో ఇత్తడి చెంబు నిండా పాలు, పళ్ళెంలో పసుపూ కుంకుమా అరటిపళ్ళూ. లక్ష్మి ఉన్నచోటికి నాగేంద్రుడు కాపలా వచ్చాడంటే పాలు పోయకుండా ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? గట్టు మీద అందరిలాగే చెప్పులు విడిచింది. యలమందయ్య వెనక వస్తున్నాడు, చెప్పులతో.

రెబ్కా ముందు పాలచెంబు చూసింది. తర్వాత కాళ్ళు చూసింది. పసుపు రాసిన పాదాల మీద చీర కుచ్చెళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. అప్పుడే షెడ్డులో మోటారు గుర్రుమంది.

కంప వేసింది తను. పాముని పుట్టించింది తను. మనుషుల్ని దూరం పెట్టడానికి పెట్టిన గుర్తు మీదికే ఈ మనిషి తడి కాళ్ళతో, చేతిలో పాలతో, కళ్ళు సగం మూసుకుని, పెదాలు కదుపుకుంటూ నడిచి వస్తోంది.

“అమ్మగారూ, ఆగండి!”

సుబ్బరావమ్మ చిన్నగా నవ్వింది. “భయం లేదులేవే. మనం చెడు తలపెట్టకపోతే ఆయనేం చేయడు.”

“అమ్మగారూ!”

ఇంకొక్క అడుగు. కంప పక్కకి తొలగి ఉంది, నిన్న ఎద్దు తోసేసింది. రెబ్కా రాశి మీదుగానే పరిగెత్తింది. ఎండుకాయలు కాళ్ళ కింద పటపటలాడాయి. వెళ్ళి సుబ్బరావమ్మని రెండు చేతులా నడుం దగ్గర పట్టి వెనక్కి లాగేసింది. ఇద్దరూ కాయ కింద పరిచిన పట్టా మీద పడ్డారు. చెంబు ఎగిరి పడింది. పాలు సన్నటి కాలువలా కంప కిందికి పారి, బురదలో కలిశాయి.

కల్లంలో దగ్గు కూడా ఆగిపోయింది.

“మడి మనిషిని ముట్టుకుంటావే! అంత కళ్ళు నెత్తికెక్కాయా?” యలమందయ్య చెయ్యెత్తాడు.

“పాము లేదయ్యా!” రెబ్కా లేవకుండానే అరిచింది. “పాము లేదు! అక్కడ మా ఆయనేసిన అతుకుంది. అది కుళ్ళింది. కరెంటు నేల్లోకి దిగుతోంది. నిన్న ఎద్దు పడింది దానివల్లే. మనుషులు పోకూడదని నేనే పామని చెప్పా. మమ్మల్ని స్టేషన్లో పెట్టుకోండి, ఏదన్నా చేసుకోండి. అమ్మగారిని మాత్రం అటు పోనియ్యమాకండి!”

చెప్పేసింది.

యలమందయ్య ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. “మళ్ళీ అదే కూత! చెప్పాను గదే, అది కారం మంటని. నేను మొన్న అక్కడే నిలబడ్డా. ఎగిరా కూడా.”

వీరమ్మ ముక్కు గుడ్డ కిందికి లాగింది. రెబ్కా వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం ఉంది, నాలుగు రోజులుగా మమ్మల్ని దీని మీద తిప్పావా అన్న కోపం. తర్వాత యలమందయ్య వైపు తిరిగింది.

“అయ్యా,” అంది నెమ్మదిగా, “ఓసారి చెప్పులు విడిచి నిలబడండయ్యా. మంటో కాదో తెలిసిపోద్ది.”

యలమందయ్య తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. టైరు చెప్పులు, మందంగా, నల్లగా. తొట్టి పక్క బురద వైపు చూశాడు. పాలు ఇంకా పూర్తిగా ఇంకలేదు. మోటారు మోగుతూనే ఉంది. అందరూ ఆయన కాళ్ళే చూస్తున్నారు. ఆయన కుడికాలి మడమ చెప్పులోంచి కాస్త లేచింది. మళ్ళీ లోపలికే దిగింది.

సుబ్బరావమ్మ అప్పటికి లేచి కూర్చుంది. నడుం దగ్గర, రెబ్కా వేళ్ళు పడ్డచోట, చర్మం ఎర్రగా కందింది. కొంగు తడితో రుద్దుకుంటోంది. రుద్దినకొద్దీ మంట పెరుగుతోంది.

“విడవండి,” అంది మొగుడితో.

“నీకేం తెలియదు, ఊరుకో.”

“విడవండి మరి. నేను విడిచే వచ్చానుగా.”

ఆయన విడవలేదు. సుబ్బరావమ్మ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది.

“వెళ్ళి ఆ ఫ్యూజు పీకండి,” అంది. “దాసుని పిలిపించండి. స్టేషనూ గీషనూ అన్నారంటే, మిగిలిన తీగ ముక్క ఇంట్లోంచి తెచ్చిచ్చింది ఎవరో నేనూ చెప్తా.”

*

ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాక కూడా ప్రేమదాసు చెయ్యి తిరగేసి వేళ్ళ వెనక పక్కతో నేల తాకి చూశాకే పలుగు అందుకున్నాడు. జానెడు లోతున అతుకు బయటపడింది. యూరియా కవరుకి పందికొక్కు పళ్ళ గాట్లు. లోపల ట్యూబు ముక్క ఉబ్బి, టేపు బూడిదై ఉన్నాయి. అల్యూమినియం తెల్లటి పిండిలా రాలింది. రాగికి పచ్చటి చిలుము. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. ఎవరూ పట్టుకోమనలేదు.

“ఇది నేనేసిందే,” అన్నాడు. వీరమ్మ దాని మీద ఉమ్మింది. అతను తుడుచుకోలేదు.

మర్నాడు చిలకలూరిపేట నుంచి కేబులు వచ్చింది. ఇనప తీగల జడ చుట్టినది, బొటనవేలంత లావు. ఈసారి నడుం లోతు తవ్వారు. ఇసక పోశారు, మీద ఇటికలు పేర్చారు. కేబులుకని తవ్విన కాలవ తొట్టిని దూరంగా తప్పించుకుని తిరిగింది, అందుకే చివరికి వచ్చేసరికి కేబులు నాలుగు బారలు తక్కువైంది. యలమందయ్య నోరు తెరిచాడు, “ఆ కాస్త దానికి…” అని. ప్రేమదాసు తల అడ్డంగా ఊపాడు.

“మట్టి కింద అతుకు వెయ్యనండి. ఇంకోణ్ణి పిలుచుకోండి.”

ఇంకోణ్ణి ఎవరూ పిలవలేదు. సుబ్బరావమ్మ తక్కువైన కేబులు ముక్క విడిగా తెప్పించి, కల్లం అంచున ఒక రాతిస్తంభం పాతించింది. రెండు కేబుళ్ళ కొసలనీ పైపులోంచి స్తంభం మీదికి, మనిషి రొమ్ము ఎత్తుకి తెచ్చాడు ప్రేమదాసు. రెండూ ఒకే లోహం. తీగ కొసలు గీకి మెరిపించాడు, గొట్టంలాంటి తొడుగులో అటొకటీ ఇటొకటీ దూర్చి, కటింగ్ ప్లేయరు కాదని అరువు తెచ్చిన పెద్ద పట్టకారుతో నొక్కాడు. పట్టి లాగి చూశాడు. ఒక అతుకు పక్కన ఇంకో అతుకు రాకుండా ఒక తీగ పొట్టిగా, ఒక తీగ పొడుగ్గా కోశాడు. ఇనప జడని మోటారు ఎర్తుకి కలిపాడు. అన్నీ ఇనప డబ్బాలో పెట్టి, మూత బిగించాడు.

“అతుకన్నాక కంటికి కనబడేచోట ఉండాలి,” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. రెబ్కా మాత్రం వంచిన తల ఎత్తలేదు. అప్పటికి ఆమె అతనితో రెండు రోజులుగా మాట్లాడటం లేదు.

సుబ్బరావమ్మ తొట్టి చుట్టూ, కాలవ పొడుగునా బిందెలతో నీళ్ళు గుమ్మరించమంది. నేల చిత్తడి చిత్తడి అయింది. ప్రేమదాసు చెప్పులు గట్టు మీద విడిచి వచ్చి, బురదలో రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

“ఫ్యూజు పెట్టండయ్యా,” అన్నాడు.

రెబ్కా కొంగు నోట్లో కుక్కుకుంది. షెడ్డులో టక్కుమంది. పట్టపగలు కల్లం మధ్య దీపం వెలిగింది. ప్రేమదాసు నిలబడే ఉన్నాడు. కదిలి, కాలవ పొడుగునా నడిచి, తొట్టి చుట్టూ తిరిగి వచ్చాడు.

“ఇప్పుడు మీరు,” అంది సుబ్బరావమ్మ, షెడ్డులోంచి వచ్చిన మొగుడితో.

యలమందయ్య చుట్టూ చూశాడు. గట్టు దాకా వెళ్ళి, టైరు చెప్పులు ఒకటొకటిగా విడిచాడు. ఆ పాదాలు తెల్లగా, మెత్తగా, నీళ్ళలో నానినట్టు ఉన్నాయి. ఎండుకాయల పొట్టు మీదుగా, ముళ్ళ మీద నడిచినట్టు నడుచుకుంటూ తొట్టి పక్కకి వచ్చాడు. నిలబడ్డాడు. కాసేపు బాగానే ఉన్నాడు. ఉన్నట్టుండి మొహం వంకర తిరిగింది.

“ఒరేయ్! ఒరేయ్ దాసూ! ఏందిరా ఇది!”

ప్రేమదాసు షెడ్డు వైపు పరిగెత్తబోయాడు. రెబ్కా చెయ్యి అడ్డం పెట్టి, అడిగింది.

“అయ్యా, లాగుతోందా? మండుతోందా?”

“మండుతోందే! వేళ్ళ సందుల్లో! నిప్పులు పోసినట్టుంది!”

“ఒక కాలెత్తండి. పోయిందా?”

“ఎక్కడ పోద్దే, ఎత్తినా మండుతోంది!”

“అయితే అది మిరపకాయే లెండి,” అంది వీరమ్మ. “ఆముదం రాసుకోండి.”

ముందు లాల్‌బీ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు, దగ్గుకుంటూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ. సుబ్బరావమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. యలమందయ్య చెప్పుల కోసం గట్టు వైపు గంతులేస్తూ పోయాడు.

రెబ్కా నవ్వలేదు. బస్తాలకెత్తే కాయ ఇంకా మిగిలి ఉంది. బిందె తీసుకుని తొట్టి దగ్గరికి, షెడ్డు పక్కకే వెళ్ళింది. బిందె దించి, చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనక పక్క నేలకి ఆనించింది. నేల చల్లగా ఉంది. ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. బీటల్లో మామూలు మంటే. మోటారు మోగుతూనే ఉంది.

అయినా, నీళ్ళు ముంచుకున్నంతసేపూ ఒంటికాలి మీదే నిలబడింది.